యౌవనమున తుంటి నొప్పి: తగిన శస్త్రచికిత్సను ఎన్నుకొనుట ఎట్లు?

దీపావళి సమీపించు దినములలో జైనూర్ మండలమందలి గూడెములు దండారి ఉత్సవములతో మారుమ్రోగుచుండును. నెమలి ఈకల కిరీటము ధరించి, ఒడలికి బూడిద పూసికొని, వాద్యముల మోతకు అనుగుణముగ గుస్సాడీలు వేయు అడుగులను ఒకసారి చూచినవారు మరువజాలరు. ఆ నృత్యమునకు దేశమంతట పేరు తెచ్చి 2021లో పద్మశ్రీ పురస్కారము పొందిన కనకరాజుగారు ఈ మండలములోని మార్లవాయి గ్రామమువారే. 2024లో దివంగతులైన ఆయన ఎందరో యువకులకు ఆ అడుగులు నేర్పిరి.

ఒక కాలిపై బరువు నిలిపి రెండవ కాలు ఎగురవేయుటకు, గిర్రున తిరుగుటకు, గొంతుక్కూర్చొని లేచుటకు ఆధారము తుంటి కీలు. నాగలి పట్టుటకు, పత్తి ఏరుటకు, కొండవాగు దాటి ఇప్పపూలు తెచ్చుకొనుటకు కూడ అదియే ఆధారము. అట్టి కీలు ముసలితనమున అరిగిన ఎవరికిని ఆశ్చర్యము లేదు. కాని ఇరువది, ముప్పది ఏండ్ల వయసువారే కుంటుచు నడచుట ఈ కొండప్రాంతమున కనబడుచున్నది. అట్టివారికి చెప్పబడు సలహాలు రెండు విధములు. "ఇప్పుడే కీలు మార్పించుకొనుము" అని కొందరు. "యాబది ఏండ్లు నిండువరకు కత్తి ముట్టనీయకుము" అని మరికొందరు. రెండును అందరికి వర్తించు మాటలు కావు. ఏ దశలో ఏ చికిత్స తగినదో, దానివలన లాభమేమో, నష్టమేమో తెలిసికొన్నచో నిర్ణయము సులభమగును. ఆ పరిజ్ఞానమును పాఠకులకు అందించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

తుంటి కీలు నిర్మాణము

తొడ ఎముక పైకొన గుండ్రని బంతివలె ఉండును. కటి ఎముకలో దానికి సరిపడు లోతైన గిన్నె ఉండును. రుబ్బురోటిలో పొత్రము తిరిగినట్లు ఈ బంతి ఆ గిన్నెలో అన్ని వైపులకు తిరుగుచుండును. రెంటిమీదను నున్నని మృదులాస్థి పొర కప్పియుండుటచే రాపిడి కలుగదు.

ఈ నిర్మాణములో ఒక లోపము కలదు. తొడ ఎముక తలకు రక్తము చేర్చు నాళములు సన్ననివి, కొలదియైనవి. చెరువునకు దూరముగ నున్న చివరి మడికి ఒకే పిల్లకాలువ నీరు తెచ్చుచున్నదనుకొనుడు. ఆ కాలువ పూడినచో మడి ఎండిపోవును గదా! అట్లే ఆ నాళములు మూసికొనిపోయినచో ఎముక తలలో కొంత భాగము చచ్చిపోవును. ఆ ఎముక వెంటనే విరుగదు. పైకి చెక్కుచెదరక లోపల చెదలు తిన్న దూలమువలె కొంతకాలము నిలిచి, పిమ్మట శరీరపు బరువునకు క్రుంగిపోవును. గుండ్రని తల చదునగును. చదునైన తల గిన్నెను కూడ గీచి పాడుచేయును. అప్పుడు కీలు మొత్తము చెడును.

చిన్న వయసులో ఇది ఎందుకు వచ్చును?

మన ప్రాంతమునకు సంబంధించినంతవరకు ముఖ్యముగ విచారింపదగిన కారణము కొడవలి కణముల జబ్బు. ఆసుపత్రులలో దీనిని సికిల్ సెల్ జబ్బు అందురు. రక్తములోని ఎర్రకణములు సహజముగ గుండ్రముగ, మెత్తగ నుండి సన్నని నాళములలో కూడ జారిపోవును. ఈ జబ్బు గలవారిలో అవి కొడవలివలె వంకర తిరిగి, బిరుసెక్కి, సన్నని నాళములలో ఇరుక్కొనును. అందుచేతనే ఒళ్ళునొప్పులు, రక్తహీనత, పచ్చకామెరల వంటి లక్షణములు కలుగును. తొడ ఎముక తలకు పోవు నాళములు మూసికొనిపోయినచో తుంటి చెడును. 1991లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశీలనలో, ఈ జబ్బు గలవారిలో సుమారు పదిమందిలో ఒకరికి తుంటి ఎముక తల చచ్చియుండుట కనబడినది.

మన దేశమున ఈ లక్షణము మొదట 1952లో నీలగిరి కొండజాతులలోను, అస్సాము తేయాకు తోటల కూలీలలోను గుర్తింపబడినది. మధ్య భారతములోని ఆదివాసి జనులలోను, వారికి బంధుసమానులైన మన కొండలలోని గోండులు, పర్ధానులు, కొలాములలోను ఇది కలదు. ఇది ఒక జాతి చేసిన పాపము కాదు, దేవతల ఆగ్రహము కాదు. తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే ఈ లక్షణము సంక్రమించినవారిని వాహకులందురు. వారు సాధారణముగ ఆరోగ్యవంతులై యుందురు. అంతేగాక వారికి ప్రాణాంతకమైన మలేరియానుండి కొంత రక్షణ కూడ కలుగును. మలేరియా ప్రబలిన అడవి ప్రాంతములలో ఈ లక్షణము తరతరములుగ నిలిచియుండుటకు కారణమిదియే. తల్లిదండ్రులిద్దరినుండియు సంక్రమించినవారికి జబ్బు వచ్చును. భార్యాభర్తలిద్దరును వాహకులైనచో ప్రతి కాన్పునందును బిడ్డకు జబ్బు వచ్చు అవకాశము నాలుగింట ఒక వంతు ఉండును.

తుంటి చెడుటకు ఇతర కారణములును పెక్కు కలవు. అతిగా మద్యము త్రాగుట; స్టెరాయిడ్ మందులు ఎక్కువ కాలము వాడుట; చెట్టుపైనుండి లేక వాహనముపైనుండి పడి తుంటి విరుగుట లేక జారుట; శైశవమున కీలులో చీము పట్టుట; పుట్టుకతోనే గిన్నె లోతు తక్కువగ నుండుట; పసితనమున ఎముక తలకు రక్తప్రసారము తగ్గు పెర్తిస్ జబ్బు; కీలుకు క్షయ సోకుట; యువకులలో వెన్నును, తుంటిని బిగియజేయు కీళ్ళవాతము. కారణమునుబట్టి చికిత్స మారును గనుక కారణము తెలియకుండ శస్త్రచికిత్సకు సిద్ధపడరాదు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. నొప్పి తగ్గుటకై యోగ్యత లేనివారు ఇచ్చు సూదిమందులలో, పొట్లములలో స్టెరాయిడ్లు ఉండుట కద్దు. అవి నొప్పిని ఒక వారము మరపించి, ఎముకను ఒక జీవితకాలమునకు చెరచగలవు.

గుర్తించుట

తుంటి నొప్పి తుంటియందే తోచవలెనను నియమము లేదు. సాధారణముగ అది గజ్జలో మొదలగును. తొడ ముందుభాగమునకు, మోకాలికి ప్రాకును. అందుచేత మోకాలికి కట్టు కట్టించుకొని నెలలు గడుపువారు కలరు. బాసిపట్లు వేసికొని కూర్చొనలేకపోవుట, కాలు లోపలికి త్రిప్పినపుడు నొప్పి కలుగుట, ఎక్కువ దూరము నడచిన పిమ్మట కుంటుట, రాత్రివేళ నొప్పితో మెలకువ వచ్చుట మొదటి సూచనలు. మూడు నాలుగు వారములైనను నొప్పి తగ్గనిచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను.

అచట మొదట తీయు ఎక్స్‌రేలో ఏమియు కనబడకపోవచ్చును. దానితో "ఎముక బాగున్నది" అని నిశ్చింతగ ఉండరాదు. ఎముక చచ్చినను ఆకృతి మారనంతవరకు ఎక్స్‌రే దానిని చూపజాలదు. ఎం.ఆర్.ఐ. పరీక్ష మాత్రమే ఆ తొలిదశను చూపగలదు. ఒక తుంటి చెడినవారికి రెండవది కూడ చెడుచుండుట తరచు జరుగును గనుక రెండు తుంటులను పరీక్షింపవలెను.

రక్తపరీక్ష కూడ తప్పనిసరి. 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రారంభింపబడిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన ఉద్యమము క్రింద, తెలంగాణతో సహా 17 రాష్ట్రములలో, 40 ఏండ్ల లోపు వయసుగల 7 కోట్ల మందిని పరీక్షించు లక్ష్యము ఏర్పరచుకొనబడినది. 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగ లేకుండ చేయుట దాని ఆశయము. మొదటి పరీక్షలో లక్షణము కనబడినచో, వాహకులా లేక జబ్బు గలవారా అనునది తేల్చు రెండవ పరీక్ష చేయించుకొనవలెను.

దశలు: నిర్ణయమునకు మూలము

వైద్యులు ఈ జబ్బును సాధారణముగ నాలుగు దశలుగ విభజింతురు. మొదటి దశలో ఎక్స్‌రే శుభ్రముగ నుండును, ఎం.ఆర్.ఐ.లో మాత్రమే మార్పు తెలియును. రెండవ దశలో ఎక్స్‌రేలో మచ్చలు కనబడును గాని తల గుండ్రముగనే యుండును. మూడవ దశలో తల క్రుంగుట ఆరంభమగును. నాలుగవ దశలో గిన్నె కూడ చెడి, కీలు మధ్యనుండవలసిన ఎడము తగ్గిపోవును.

పాఠకులు ముఖ్యముగ గుర్తుంచుకొనదగినది ఇది: ఎముక తల గుండ్రముగ ఉన్నంతవరకు మన కీలును మనమే నిలుపుకొను చికిత్సలు సాధ్యము. తల క్రుంగిన పిమ్మట ఆ అవకాశము చాలవరకు చేజారును. కొడవలి కణముల జబ్బుతో తుంటి నొప్పి మొదలైన వయోజనులను ఫ్రాన్సు వైద్యులు గమనించగా, చికిత్స లేనపుడు నూటికి 80కి పైగా తుంటులు ఐదేండ్లలోపలనే క్రుంగినట్లు తేలినది. కనుక ఆలస్యము కూడ ఒక నిర్ణయమే. అది మన ప్రమేయము లేకుండ ఎముక చేయు నిర్ణయము.

శస్త్రచికిత్స లేని వైద్యము

కొంతకాలము బరువు తగ్గించి చేతికర్రతో నడచుట, తుంటి చుట్టునుగల కండరములను బలపరచు వ్యాయామము, నొప్పికి తగిన మందులు, మద్యము మానుట, కొడవలి కణముల జబ్బునకు వైద్యుని పర్యవేక్షణలో హైడ్రాక్సీయూరియా మందు వాడుట: ఇవి మొదటి మెట్టు. చేతికర్రను నొప్పి లేని ప్రక్క చేతితో పట్టవలెను. అప్పుడే నొప్పిగల తుంటిపై బరువు తగ్గును. ఈ వ్యాయామచికిత్సను చిన్నచూపు చూడరాదు. 2006లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పోలికలో, కొడవలి కణముల జబ్బు గలవారికి వ్యాయామము మాత్రమే చేయించినను, వ్యాయామముతోపాటు ఎముకకు రంధ్రము చేసినను, మూడేండ్ల పిమ్మట ఫలితము ఇంచుమించు సమానముగ నున్నది. నాటు కట్టువలనను, పసరువలనను ఒకింత ఉపశమనము కలిగిన కలుగవచ్చును గాని అవి మూసికొనిపోయిన నాళములను తెరువజాలవు.

ఎముకను నిలుపు శస్త్రచికిత్సలు

రంధ్రము చేయుట: తొడ ఎముక ప్రక్కనుండి సన్నని మార్గము తొలిచి చచ్చిన భాగమువరకు చేర్చుదురు. లోపలి ఒత్తిడి తగ్గి, నొప్పి ఉపశమించి, క్రొత్త రక్తనాళములు ప్రవేశించుటకు అవకాశము కలుగును. రోగి కటి ఎముకనుండి తీసిన మజ్జను సాంద్రపరచి ఆ రంధ్రములో నింపు పద్ధతిని ఫ్రాన్సు దేశీయుడగు డాక్టరు ఫిలిప్ ఎర్నిగూ విస్తారముగ ఆచరించిరి. గాయము చిన్నది, ఖర్చు తక్కువ, పిమ్మట ఏ ఇతర చికిత్సకును అడ్డు రాదు. కాని మొదటి రెండు దశలలోనే, చచ్చిన భాగము చిన్నదైనపుడే ఇది తగినది. సుమారు ఆరు వారములు చంకకర్రలు వాడవలెను. తప్పక నయమగునని హామీ లేదు.

సజీవమైన ఎముకను అతుకుట: రక్తప్రసారముతో కూడిన కండముక్కతోనే ఎముకతునకను త్రిప్పి చచ్చినచోట అమర్చు విధానమును కలకత్తాలో డాక్టరు డి. పి. బక్సీ అభివృద్ధిచేసి 1991లో ఫలితములు ప్రకటించిరి. కాలి సన్న ఎముకను నాళములతో సహా తెచ్చి అతుకు విధానము కూడ కలదు. ఇవి దీర్ఘమైనవి, నేర్పరులైన వైద్యులు గల పెద్ద ఆసుపత్రులలోనే సాధ్యమైనవి.

ఎముకను కోసి త్రిప్పుట: చచ్చిన భాగము బరువు పడని వైపునకు పోవునట్లు తొడ ఎముకను కోసి త్రిప్పి బిగించు పద్ధతిని జపాను వైద్యుడు సుగియోకా 1970 దశకమున ప్రచారములోనికి తెచ్చిరి. గిన్నె లోతు తక్కువై పుట్టినవారికి గిన్నెనే కోసి త్రిప్పి బంతిని కప్పు పద్ధతిని స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున గాంజ్ అను వైద్యుడు 1984లో ఆరంభించిరి. మృదులాస్థి ఇంకను బాగున్న యువతీయువకులకు ఇది చక్కని ఉపాయము. కీలు అరిగిన పిమ్మట చేసిన ప్రయోజనము స్వల్పము.

కీలు చెడిన పిమ్మట

తల క్రుంగి గిన్నె కూడ చెడినపుడు మిగులు మార్గములు నాలుగు.

మొదటిది, కీలును బిగించివేయుట. తొడ ఎముకను కటి ఎముకతో ఒకటిగ అతికించెదరు. నొప్పి పోవును, నిలిచి కష్టించి పని చేయవచ్చును. కాని తుంటి వంగదు, గొంతుక్కూర్చొనుట అసాధ్యము. కొన్ని సంవత్సరములకు నడుమునకు, మోకాలికి నొప్పి వచ్చును. ఒకప్పుడు యువ శ్రామికులకు దీనిని చేయుచుండెడివారు, ఇప్పుడు అరుదు.

రెండవది, చెడిన తలను తీసివేసి ఆ చోటును అట్లే విడుచుట. ఆక్స్‌ఫర్డులోని గర్డిల్‌స్టోన్ అను వైద్యుని పేరున ఇది ప్రసిద్ధము. క్షయ లేక చీము పట్టి కీలు చెడినవారికి మన దేశమున విశేషముగ ఉపయోగపడినది. కాలు పొట్టియగును, కుంటు మిగులును, కర్ర అవసరమగును. అయినను నేలపై కూర్చొనవచ్చును, నొప్పి తగ్గును, లోపల లోహము ఉండదు. చీము ఆరని కీలుకు నేటికిని ఇది విలువైన మార్గమే.

మూడవది, పూర్తిగ కీలు మార్చుట. చెడిన బంతిని తీసి లోహపు కాడతోకూడిన క్రొత్త బంతిని, గిన్నెలో క్రొత్త లోగిన్నెను అమర్చెదరు. దీని నేటి రూపమునకు మూలపురుషుడు ఇంగ్లండులోని జాన్ చార్న్‌లీ. ఆయన కథ మనకు ఒక పాఠము. మొదట ఆయన టెఫ్లాన్ అను పదార్థముతో గిన్నెలు చేయించి సుమారు 300 మందికి అమర్చిరి. కొలది సంవత్సరములలోనే అవి అరిగి విఫలమైనవి. ఆయన తన తప్పును దాచక, మరింత గట్టియైన పాలిథిన్ జాతి ప్లాస్టిక్ గిన్నెతో 1962లో మరల ఆరంభించి విజయము సాధించిరి. ఆనాడు ఆయన ముఖ్యముగ వృద్ధులకే దీనిని ఉద్దేశించిరి; ఏలనన యువకులు ఎక్కువ నడచెదరు, ఎక్కువ కాలము జీవింతురు, కనుక కీలు ఎక్కువగ అరుగును.

ఇప్పటి ప్లాస్టిక్ మరింత గట్టిది. పింగాణీ బంతులు, సిమెంటు లేకుండ ఎముకయే అల్లుకొను కాడలు కూడ వచ్చినవి. 2019లో ప్రకటింపబడిన ఒక పరిశీలనప్రకారము మార్చిన కీళ్ళలో నూటికి సుమారు 58 ఇరువదియైదేండ్లు నిలిచినవి. వారిలో అధికులు వృద్ధులని గమనింపవలెను. ఇంగ్లండులో 2017లో ప్రకటింపబడిన లెక్కలలో, డెబ్బది ఏండ్లు దాటి కీలు మార్పించుకొన్నవారిలో మరల శస్త్రచికిత్స అవసరమగు అవకాశము జీవితకాలమున నూటికి 5. ఏబది దాటిన కొలది ఏండ్లలోనే మార్పించుకొన్న పురుషులలో అది 35 వరకు ఉన్నది. ముప్పది ఏండ్లవానికి మార్చినచో రెండవసారి, ఒక్కొక్కప్పుడు మూడవసారి కూడ మార్చవలసివచ్చునని ముందుగనే యోచింపవలెను. రెండవ శస్త్రచికిత్స మొదటిదానికంటె కష్టతరము. ఇది మార్పు వలదనుటకు కారణము కాదు. తెలిసి ఒప్పుకొనుటకు కారణము.

నాలుగవది, బంతిని కోయక దానిపై లోహపు టోపీ తొడుగుట. బర్మింగ్‌హామ్ నగరమున 1990 దశకమున మెక్‌మిన్ అను వైద్యుడు దీనిని ప్రచారములోనికి తెచ్చిరి. యువకుల కొరకే అని గొప్ప పేరు వచ్చినది. లోహము లోహముతో రాచుకొని సన్నని రజను రక్తములోను, కండరములలోను చేరుట పిమ్మట వెల్లడియైనది. 2010లో ఇట్టి లోహపు కీలు ఒకటి ప్రపంచమంతట వెనుకకు పిలువబడినది. మన దేశమున దానిని అమర్చుకొన్నవారు కూడ బాధపడిరి. కొన్ని రకములు, బలమైన ఎముకగల కొందరు పురుషులలో బాగుగనే పనిచేసినవి. కాని చచ్చిన ఎముకపై టోపీ నిలువదు. కొడవలి కణముల జబ్బు గలవారికి ఇది తగినది కాదు. క్రొత్తదంతయు మేలైనది కాదని టెఫ్లాన్ గిన్నె, లోహపు కీలు రెండును తెలుపుచున్నవి.

ముగ్గురి ఉదాహరణ

పై సంగతులను ముగ్గురికి అన్వయించి చూతము. వీరు కల్పిత వ్యక్తులు. కాని ఇట్టివారు ఏ గూడెమునందైనను ఉండవచ్చును.

ఒక యువకునికి ఇరువది రెండేండ్లు. రెండు నెలలుగ గజ్జలో నొప్పి. ఎక్స్‌రే శుభ్రము, ఎం.ఆర్.ఐ.లో తొలిదశ, రక్తములో కొడవలి కణములు. ఇతనికి కీలు మార్చుట తొందరపాటు. జబ్బునకు మందు, వ్యాయామము, కొంతకాలము బరువు తగ్గించుట, వైద్యునికి తగునని తోచినచో మజ్జతో కూడిన రంధ్రచికిత్స, ఆరు నెలలకొకసారి పరీక్ష: ఇది మార్గము. ఇతడు ఆలస్యము చేయరాదు.

ఒక తల్లికి ముప్పది మూడేండ్లు. ఎముక తల చదునై, గిన్నె చెడి మూడేండ్లైనది. రాత్రులు నిద్ర లేదు, పిల్లను ఎత్తుకొనలేదు, పత్తి చేనికి పోలేదు. ఈమెకు రంధ్రము చేసిన ప్రయోజనము లేదు. "యాబది ఏండ్లు నిండనిమ్ము" అనుట పదునేడేండ్ల బాధను శిక్షగ విధించుటయే. రెండవసారి అవసరము కావచ్చునని తెలిసియే కీలు మార్పించుకొనుట ఈమెకు న్యాయమైన నిర్ణయము.

మూడవవానికి ఇరువది యెనిమిదేండ్లు. కీలు క్షయ సోకి చీము కారుచున్నది. ఇతనికి మొదట క్షయ మందులు పూర్తికాలము వాడుట ముఖ్యము. పిమ్మటనే, జబ్బు అణగిన తీరునుబట్టి, తలను తీసివేయుటయో, కీలు మార్చుటయో వైద్యుడు నిర్ణయించును. చీముగల కీలులో లోహము పెట్టరాదు.

ముగ్గురికిని నొప్పి ఒకటే, వయసు ఇంచుమించు ఒకటే. చికిత్సలు మాత్రము మూడు. వయసొక్కటే నిర్ణయమునకు చాలదని దీనివలన స్పష్టమగుచున్నది. కారణము, దశ, నొప్పి తీవ్రత, జీవనోపాధి: ఈ నాలుగును కలిపి తూచవలెను.

కొడవలి కణముల జబ్బు గలవారు పాటింపవలసిన జాగ్రత్తలు

శస్త్రచికిత్సకు ముందు ఈ జబ్బు సంగతి తప్పక చెప్పవలెను. ఒంటిలో నీరు తగ్గినను, చలి సోకినను, ప్రాణవాయువు తగ్గినను కణములు వంకర తిరిగి, ఊపిరితిత్తులకు సైతము అపాయము కలుగును. అందుచేత రక్తనిధి, మత్తు వైద్యుడు, రక్తజబ్బుల సంగతి తెలిసిన వైద్యుడు గల ఆసుపత్రిలోనే చేయించుకొనవలెను. ముందుగ రక్తము ఎక్కించినచో అపాయములు తగ్గునని 2013లో ప్రకటింపబడిన పరిశోధన నిరూపించినది. వీరి ఎముక లోపలి గొట్టము ఇరుకుగ, గట్టిగ ఉండుటచే కాడ దింపునపుడు ఎముక పగులవచ్చును. చీము పట్టు అవకాశము కూడ ఎక్కువ. అనుభవముగల చేయి అవసరమనుటకు ఇవియే కారణములు. బంధువులు రక్తదానమునకు సిద్ధముగ నుండుట గొప్ప సహాయము.

ఇంటికి వచ్చిన పిమ్మట

కీలు మార్పించుకొన్నవారు మొదటి మూడు నెలలు నేలపై కూర్చొనుట, గొంతుక్కూర్చొనుట, కాలిపై కాలు వేయుట మానవలెను. లేనిచో క్రొత్త బంతి గిన్నెనుండి జారవచ్చును. పిమ్మట ఎంతవరకు వంగవచ్చునో వైద్యుడే చెప్పవలెను. ఆసుపత్రినుండి వచ్చులోపలనే మరుగుదొడ్డిలో ఎత్తైన పీట, మంచము, కుర్చీ అమర్చుకొనుట ఇంటివారి బాధ్యత. బరువులు మోయుట, చెట్లెక్కుట మానవలసియుండును. వ్యవసాయములో కూర్చొని చేయు పనులకు, చిన్న వ్యాపారమునకు, పశుపోషణకు మారుటను ముందుగనే యోచించుకొనవలెను. దండారిలో గుస్సాడీ అడుగు వేయలేకపోవచ్చును. ప్రక్కన కూర్చొని వాద్యము వాయించుటకు అడ్డు లేదు. ఏదేని చోట చీము, పుండు కలిగిన వెంటనే చికిత్స పొందవలెను. అది క్రొత్త కీలునకు ప్రాకవచ్చును.

ఎచటికి పోవలెను? ఏమి అడుగవలెను?

మొదటి మెట్టు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రము. అచటినుండి ఉట్నూరు ఆసుపత్రికి, అదిలాబాదులోని రిమ్స్‌కు, లేక కెరమెరి ఘాటు దిగి ఆసిఫాబాదుకు పోవచ్చును. ఆసిఫాబాదులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. క్లిష్టమైన శస్త్రచికిత్సలకు హైదరాబాదులోని ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు, నిజాము వైద్య విజ్ఞాన సంస్థ కలవు. ఈ నిజాము సంస్థ మొదట ఎముకల ఆసుపత్రిగనే 1960 దశకమున వెలసినది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంపబడినది. మీకు చెప్పిన చికిత్స ఆ పథకము క్రింద ఏ ఆసుపత్రిలో లభించునో ఆరోగ్యమిత్రను విచారింపుడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము కొడవలి కణముల జబ్బును కూడ వైకల్యములలో చేర్చినది గనుక అర్హులు ధ్రువపత్రమునకు దరఖాస్తు చేసికొనవచ్చును.

వైద్యుని ఎదుట సంకోచింపక ఈ ఐదు ప్రశ్నలు అడుగుడు:

1. నా తుంటి చెడుటకు కారణమేమి? రక్తపరీక్ష చేసితిరా?
2. జబ్బు ఏ దశలో నున్నది? ఎముక తల క్రుంగినదా?
3. రెండవ తుంటి ఎట్లున్నది?
4. ఈ చికిత్స చేయించుకొన్నచో ఎన్ని సంవత్సరములు నిలుచును? విఫలమైనచో తరువాతి మార్గమేమి?
5. చేయించుకొననిచో ఏమగును? ఎంతకాలము వేచియుండవచ్చును?

తెలుగు చక్కగ రానివారు గోండి తెలిసిన ఆశా కార్యకర్తను గాని, చదువుకొన్న బంధువును గాని వెంట తీసికొనిపోవుట మంచిది. ఎక్స్‌రేలు, ఎం.ఆర్.ఐ. ఫిల్ములు, రక్తపరీక్ష చీట్లు ఒక సంచిలో భద్రపరచుడు. ఆసుపత్రి మారినను అవి మీ జబ్బు కథ చెప్పును.

ముగింపు

తుంటి శస్త్రచికిత్సలలో అన్నిటికంటె మంచిది ఇది అని ఒకదానిని చూపుట సాధ్యము కాదు. ఆ మనిషికి, ఆ దశకు, ఆ జీవితమునకు తగినదే మంచిది. ఎముక గుండ్రముగ ఉన్ననాడు వచ్చినవానికి మార్గములు పెక్కు. క్రుంగిన పిమ్మట వచ్చినవానికి కొన్ని. అయినను మార్గమే లేనివాడు ఎవడును లేడు. కనుక మీ ఇంట గాని, మీ గూడెమున గాని యువకుడెవడైన గజ్జ పట్టుకొని కుంటుచున్నచో, "పనికి బద్ధకించుచున్నాడు" అని నిందింపకుడు. పంట పనులు తీరువరకు, పండుగ గడచువరకు అని వాయిదా వేయకుడు. ఈ వారముననే అతనిని ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొనిపోయి రక్తపరీక్ష చేయింపుడు. ఆ ఒక్క అడుగు ముందుగ పడినచో, అతడు తన కాళ్ళపై మరెన్నియో అడుగులు వేయగలుగును.